సిరా తగలని జానెడు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మొదటి వేసవి. కువైట్‌లో కళాఖండాలు రవాణా చేసే మా కంపెనీ నన్ను జాబ్రియాలోని ఒక ఇంటికి పంపింది. నేనప్పుడు సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. ప్యాకింగ్‌కు ముందు వస్తువు మీది ప్రతి మరకా, చిరుగూ రాసి సంతకం పెట్టే కాగితాన్ని కండిషన్ రిపోర్టు అంటాం. బీమావాళ్లకు అదే వేదవాక్కు.

దుబాయి ప్రదర్శనకు వెళ్లాల్సింది కింద కట్టె బిగించి గోడకు వేలాడదీసే ఒక జపాన్ చిత్రం. కాగితం మీద నల్లసిరాతో చైనా పద్ధతిలో వేసిన కొండలు. వాటి నడుమ జానెడు మేర ఏమీ లేదు. జీవితమంతా అంచు నుంచి అంచు దాకా రంగు నిండిన తైలవర్ణ చిత్రాలు చూసిన కన్ను నాది. ‘మధ్యలో సిరా పోయింది’ అని రాసేశాను.

అది చదివి యజమానురాలు పనిమనిషి రమణమ్మను పిలిచింది. రమణమ్మది రాయచోటి వైపు. చిత్రం దుమ్ము దులిపేది ఆమే. తడిగుడ్డతో తుడిచి పాడుచేసిందనీ, ఇఖామా, అంటే ఇక్కడుండే అనుమతి, రద్దు చేయించి ఆదివారం ఊరికి పంపేస్తాననీ యజమానురాలు అరబీలో తేల్చేసింది. ఖలాస్ అంది.

రమణమ్మ నావైపు తిరిగింది. “నేను కింద కట్టె ఒక్కటే తుడిసినా సార్. ఆ తెలుపు నేనొచ్చినప్పటి నుంచీ ఉండాది. మంచు గదా అది? మా కొండల్లో పొద్దున్నే అట్లనే ఉంటాది. సదువుకున్నోళ్లు, మీరే అట్ల రాసేస్తే ఎట్ల సార్?”

నాకే పాఠం చెబుతుందా అని ఒళ్లు మండింది. సామాన్లు సర్దుకుని వచ్చేశాను. కానీ రెండు రోజులు ఏ పని పట్టుకున్నా మనసు నిలవలేదు. శనివారం ఎవరూ పిలవకుండానే మళ్లీ వెళ్లాను.

చిత్రాన్ని బల్ల మీద పరిచి, టార్చి వెలుగు పక్కనుంచి వేశాను. తడిగుడ్డతో రుద్దితే కాగితం నూగు లేస్తుంది, తడి ఆరిన చోట అంచు కడుతుంది. అక్కడ నూగూ లేదు, అంచూ లేదు. చిత్రకారుడు సిరాను పలచన చేసుకుంటూ వచ్చి కావాలనే ఆపేశాడు. కాగితాన్నే మంచుగా వదిలేయడం జపాన్‌వాళ్లు చైనా నుంచి నేర్చుకున్న విద్య అని తరువాత చదివాను. రమణమ్మకు ఆ చదువు అవసరం లేకపోయింది.

పాత రిపోర్టు కొట్టేసి, పొరపాటు నాదేనని రాసి సంతకం పెట్టాను. ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. యజమానురాలు టికెట్ రద్దు చేసింది కానీ రమణమ్మకు క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ తరువాత రిటైరయ్యే దాకా, ‘పోయింది’ అని రాసే ముందు అది అసలు ఉండేదా అని చూసుకున్నాను.