ఉత్తరం 62, తూర్పు 38

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, హూడి అనే చోట అపార్టుమెంట్లు కట్టే సైటుకు నన్ను చీఫ్ సర్వేయర్‌గా వేశారు. స్థలం ఇంచుమించు చతురస్రం, ఒక్కో వైపు ఎనభై మీటర్లు. నైరుతి మూలన రాయి పాతి దాన్ని సున్నా అనుకున్నాం. అక్కడి నుంచి తూర్పుకు ఎన్ని మీటర్లు, ఉత్తరానికి ఎన్ని మీటర్లు అని రెండు అంకెలు చెబితే చాలు, సైటులో ఏ చోటైనా దొరుకుతుంది.

అందులో బండ వేసి మూసిన పాత బావి ఉందని ఊరి పెద్దాయన ఒకరు వచ్చి చోటు చూపించారు. నా జూనియర్ నాగేంద్ర కొలిచి, ఫీల్డు బుక్కులో "బావి: 62, 38" అని రాసి, చెల్లెలి పెళ్లికి సెలవు మీద వెళ్లాడు. గుర్తుగా అతను అక్కడ పాతిన మేకు నేల చదును చేసేటప్పుడు లేచిపోయింది. నేను ఆఫీసులో కూర్చుని డ్రాయింగు మీద తూర్పు 62, ఉత్తరం 38 దగ్గర ఎర్ర సున్నా చుట్టాను. అక్కడ జేసీబీతో తవ్విస్తే గట్టి మన్ను తప్ప ఏమీ లేదు. పెద్దాయనకు చూపు ఆనలేదని తేల్చేశాను. నాగేంద్రకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ముప్పై ఏళ్ల సర్వీసున్నవాణ్ని, జూనియర్‌ను అడగడమేమిటని నామోషీ. ఉత్తరం వైపు భయం లేదు, కూలీల షెడ్లు వేసుకోవచ్చని నేనే సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం, అనంతపురం వైపు నుంచి పనికి వచ్చిన రామక్క కూతుర్ని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా షెడ్డులో నేను బిందె దించేదానికి ముందే కింద ఎవరో బిందె దించినట్టు సద్దొస్తాది. కింద ఎవరో ఉండారప్పా."

దించాక వస్తుందేమో, ముందెలా వస్తుందమ్మా అన్నాను.

"కాదు సార్. ముందే."

లోలోపల నవ్వుకుంటూనే వెళ్లాను. బయట ఎండ మాడుతున్నా షెడ్డులో నేల చల్లగా, చెమ్మగా ఉంది. పిల్ల పడుకునే చాప పక్కన, నా చేతిలోని ఇనుప మొన కర్రతో నేలను ఒకసారి పొడిచాను. అడుగున ఇంకెవరో పొడిచినట్టు జవాబు వచ్చింది.

దూరాన్నీ కోణాన్నీ కొలిచి అంకెలు చూపే టోటల్ స్టేషన్‌ను బయట నిలబెట్టి ఆ చోటును చదివాను. తెర మీద ఉత్తరం 62, తూర్పు 38. మా ఫీల్డులో ఉత్తరాన్ని ముందు రాసే అలవాటు. డ్రాయింగులో మొదటి అంకె తూర్పుది. నాగేంద్ర ఫీల్డు పద్ధతిలో రాశాడు, నేను డ్రాయింగు పద్ధతిలో చదివాను. నా ఎర్ర సున్నా గట్టి నేల మీద ఉంది, ఆ పిల్ల మూడు వారాలుగా బావి మీద నిద్రపోతోంది.

అందరినీ ఖాళీ చేయించి రేకులు విప్పించాను. జేసీబీ బకెట్టు ఆనగానే బండ విరిగి లోపలికి పడిపోయింది. అడుగు తాకిన చప్పుడు కోసం అందరం చెవులు రిక్కించాం. అనుకున్నదానికంటే ఆలస్యంగా వచ్చింది. రామక్క పిల్లను గట్టిగా హత్తుకుంది. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

రిపోర్టులో తప్పు నాదేనని రాశాను. డొల్ల నేల మీద బిందె దించితే కింద చప్పుడు వస్తుందని కూడా రాశాను. రామక్కకు అది ముందే ఎందుకు వినిపించిందో రాయలేదు, దానికి నా దగ్గర రీడింగు లేదు. ఆ తర్వాత దిక్కు పేరు లేని అంకెను నేనెప్పుడూ డ్రాయింగులోకి ఎక్కించలేదు. ఆ నేల మీద ఉండేవాళ్లను అడగకుండా, ఇక్కడ భయం లేదని సంతకమూ పెట్టలేదు.