అద్దాల పెట్టె ముందు దొర వేషం

బేస్తవారిపేట బసవలింగం పగటివేషాల మనిషి. దొర వేషానికి పెట్టింది పేరు: నెత్తిన టోపీ, మొహాన పౌడరు, చేతిలో బెత్తం. వేషం కడితే సొంత మాట రాకూడదని వాళ్ల కట్టుబాటు. దొరకు మాత్రం ఇంగ్లీషు ఒకటే ముక్క వచ్చు, "డోంట్ టచ్!"

పట్నంలో మ్యూజియంవాళ్లు ఆటకు పిలిచినారు. అక్కడ అద్దాల పెట్టెలో బసవలింగం తాత గజ్జెలున్నాయి, ఎప్పుడో ఒక అసలు దొర పట్టుకుపోయినవి. పొద్దున మామూలు పంచెతో పోయి, "ఒక్కసారి ముట్టుకుంటా నాయనా" అంటే కాపలా ఆయన చెయ్యి పక్కకు నెట్టినాడు.

మధ్యాహ్నం దొర వేషంలో పోయి బెత్తం ఝళిపిస్తే జనం పగలబడి నవ్వినారు. ఆఫీసరమ్మ కూడా నవ్వుతూ పెట్టె తెరిపించింది. అదే కాపలా ఆయన సెల్యూట్ కొట్టి గజ్జెలు చేతికిచ్చినాడు. బసవలింగం ఉబ్బితబ్బిబ్బయినాడు.

అంతలో ఆట చూడ వెంట వచ్చిన భార్య పర్వతమ్మ కళ్లనిండా నీళ్లతో గజ్జెల మీద చెయ్యి వేయబోయింది.

"డోంట్ టచ్!" అని బెత్తంతో ఆ చెయ్యి నెట్టేసినాడు. జనం ఇంకా నవ్వినారు. పర్వతమ్మ నవ్వలేదు.

ఇప్పటికీ టీకొట్టు కాడ ఆ కథ తనే చెప్తాడు. "నా అంత తెలివిగలోడు మన కొత్త జిల్లా మొత్తంలో లేడబ్బా! దొరను ఎగతాళి చేద్దామని పోయినా. ఆ కాపలా ఆయనన్నా జీతం తీసుకొని నెట్టినాడు. నేను ఊరికే నెట్టినా."