బొట్టు పెట్టిన మూత

మా ఆయన పీల్చే గాలిని కొలిచే సామాను నర్సీపట్నంలో మా వంటింటి గట్టు మీద తయారైంది. ఆయన అండమాన్‌లో ఉంటారు. టూరిస్టులను సముద్రం అడుక్కి తీసుకెళ్లి, పగడపు దిబ్బలు చూపించి, క్షేమంగా పైకి తీసుకురావడం ఆయన ఉద్యోగం. నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వానాకాలంలో అక్కడ పని ఉండదు కాబట్టి అప్పుడు ఇంటికొస్తారు. మిగతా ఏడాదంతా మా కాపురం ఫోన్‌లోనే.

లోతుకు దిగేవాళ్లు వీపున కట్టుకునే సిలిండర్‌లో ఒక్కోసారి ఆక్సిజన్ శాతం పెంచిన గాలి నింపుతారు. ఎంత పెంచారో దిగేముందు ఎవరికి వారు కొలిచి చూసుకోవాలి. ఆ అంకెను బట్టే ఎంత లోతుకు వెళ్లొచ్చో, ఎంతసేపు ఉండొచ్చో లెక్క. అంకె తప్పితే మనిషి ప్రాణానికే ముప్పు. వాళ్ల దగ్గరున్న మీటరు ఉప్పుగాలికి పాడైపోయింది. కొత్తది ఇదిగో తెస్తాను, అదిగో తెస్తాను అని యజమాని కాలక్షేపం చేస్తున్నాడు. పోయిన వానాకాలం మా ఆయన ఈ గోడంతా చెప్పి, "నువ్వు సెయ్యలేవేటి?" అన్నారు. నన్ను అలా అంటే ఊరుకోనని ఆయనకు బాగా తెలుసు.

ఆక్సిజన్‌ను పసిగట్టే సెల్ ఒక్కటే బయటి నుంచి తెప్పించాం. ఆస్పత్రి మిషన్లలో వాడేదే అది. మల్టీమీటరు కాలేజీ రోజుల నుంచి నా దగ్గర ఉంది. మిగతావన్నీ మా ఊరి సరుకే. డ్రిప్పు సామాన్ల కొట్లో టీ-జాయింట్ అడిగితే జీడితోట ఎన్ని ఎకరాలమ్మా అన్నాడు కొట్టాయన. తోట లేదన్నాను. అయితే చెరుకా అన్నాడు. ఒకే ఒక్క జాయింటుతో నేనేం పండించబోతున్నానో పాపం అతనికి అంతుపట్టలేదు. మందుల షాపులో సెలైన్ గొట్టం కొంటే ఇంట్లో ఎవరికి బాగోలేదని అడిగారు. ఎవరికీ ఏం లేదంటే నమ్మలేదు. సాయంత్రానికల్లా పక్కింటావిడ పరామర్శకు వచ్చింది. ఊళ్లో సముద్రమే లేదు, సముద్రానికి సామాను చేయడమేమిటని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

మాత్రల డబ్బాలో సెల్‌ను బిగించి, పక్కన టీ-జాయింటుతో గొట్టం దూర్చి, మూతకు సరిగ్గా మధ్యలో కాల్చిన దబ్బనంతో చిన్న రంధ్రం పెట్టాను. సిలిండర్ నుంచి సన్నగా వచ్చే గాలి సెల్‌ను తాకి ఆ రంధ్రంలోంచి బయటికి పోవాలి. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువుంటే నత్రజని తక్కువని, ఇంకాసేపు ఉండొచ్చని లెక్క కాబట్టి, ఆ అంకెను నమ్మి దిగినవాడు ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు లోపలే ఉంటాడు. పైకొచ్చాక, గోళీసోడా కొట్టినప్పటిలా, ఒంట్లో నత్రజని బుడగలు కడుతుంది. ఆ వారమంతా ఆయన గట్టుకు అవతల కూర్చుని గొట్టం పట్టుకున్నారు, నేను ఇవతల కూర్చుని అంకెలు చూశాను. పెళ్లయ్యాక అంత సంతోషంగా ఉన్న వారం ఇంకొకటి నాకు గుర్తులేదు.

వానలు తగ్గాయి, ఆయన డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఒక్కదానికే వండుకోవడం ఎంత విసుగో వండుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఉదయం చేసిన కూరే రాత్రికీ. ఒంటరిగా ఉండలేకపోతున్నానని ఫోన్‌లో అంటే, నీకేం, కాలేజీ ఉంది, క్లాసు నిండా పిల్లలున్నారు అనేవారు. కాలేజీ సాయంత్రానికి మూసేస్తారు. ఆ సంగతి ఆయనకు చాలాసార్లు చెప్పాను.

దసరా నాడు పొద్దున్నే ఆయన ఫొటో పంపారు. వాళ్ల షాపులో ఆయుధపూజ. సిలిండర్లకు, గాలి కొట్టే కంప్రెసర్‌కు, పడవ ఇంజనుకు పసుపు పూసి బొట్లు పెట్టి బంతిపూలు వేశారు. వాటి మధ్యలో నా మాత్రల డబ్బా. దాన్ని కూడా వాళ్ల ఆయుధాల్లో కలిపేసినందుకు మురిసిపోయాను. ఇంకాస్త మురుద్దామని ఫొటో పెద్దది చేసి చూశాను. మూత మీద పసుపు ముద్ద, దాని మీద గుండ్రంగా కుంకుమ. మధ్యలో చిన్న గుంట కనిపిస్తే బొట్టుకు చోటు అదే అనుకున్నారు కాబోలు. రంధ్రం నిండా పూడుకుపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

వెంటనే ఆయనకు ఫోన్ చేస్తే కలవలేదు. షాపుకు చేస్తే లెక్కలు చూసే అమ్మాయి ఎత్తింది. పడవ వెళ్లిపోయిందని చెప్పింది. ఆమెకు తెలుగు రాదు, నా హిందీ అంతంతమాత్రం. పసుపును హల్దీ అంటారని ఆ కంగారులో గుర్తొచ్చింది కానీ, రంధ్రాన్ని ఏమంటారో రాలేదు. డబ్బా, హల్దీ, సాఫ్, లోపలికి దిగొద్దు అని నాలుగు ముక్కలే తిప్పి తిప్పి చెప్పాను. వైర్‌లెస్‌లో పడవకు చెబుతానంది. ఏం అర్థమైందో, ఏం చెప్పిందో తెలియదు.

వీధిలో ఆటోలన్నిటికీ అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తున్నారు. కృష్ణదేవిపేట వెళ్లే ఆటో అతను నాకూ ప్రసాదం ఇచ్చాడు. భయంగా ఉందని చెప్పుకోవడానికి ఆ వీధి మొత్తంలో నాకు ఒక్క మనిషి లేదు. పక్కింటావిడకు చెప్పాలన్నా రంధ్రం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ప్రసాదం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆయన ఫోన్ చేశారు. పడవలోనే ఉన్నారు, ఒడ్డుకు దగ్గరపడ్డాక సిగ్నల్ వచ్చిందట. పొద్దున్న మామూలు గాలితో లోతులేని చోట దిగారు. రెండోసారి ఆక్సిజన్ పెంచిన సిలిండర్‌తో లోతుకు దిగబోతుంటే వైర్‌లెస్‌లో కబురొచ్చింది. రంధ్రంలో పసుపు పిన్నుతో తీసి మళ్లీ కొలిస్తే అంకె టక్కున దిగిపోయిందని నవ్వుతూ చెప్పారు. గాలి నింపినతను ముందే సరైన అంకె చెప్పాడట. మరి అతని మాట ఎందుకు వినలేదని అడిగాను.

"ఆడే తప్పు సెప్పేడనుకున్నాను. నువ్వు సేసింది తప్పు సూపిస్తాదని అనుకోలేదు," అన్నారు.

ఏ భార్యకైనా సంతోషం కలగాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆయన బతికి ఉన్నారన్న ఊరట, ఆ కోపం కలిసి ఏడుపు వచ్చింది.

"నాను సేసిన డబ్బాని అంత నమ్ముతారు కదండీ," అన్నాను. "ఒక్కదాన్నే ఉండలేకపోతన్నానని నాను సెప్తే మాత్రం ఎందుకు నమ్మరు?"

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. పడవ ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది.