బాయి దిగని ‘నేను’

అతను ఏ కథనైనా ‘నేను’తోనే మొదలుపెట్టేవాడు. తెలంగాణ రాకముందు, గోదావరిఖనిలో మా క్వార్టర్ల పక్క చాయ్ హోటల్లో రోజూ అదే తంతు. “నేను బొగ్గు ఎత్తుతున్న. నెత్తి మీద కప్పు పటపటమన్నది...” అనేవాడు. నిజానికి అతనిది బొగ్గుబాయి పైన ల్యాంపు రూములో పని. గనిలోకి దిగేవాళ్లకు లైట్లు అందించడమే తప్ప తానెన్నడూ దిగలేదు. ఎవరి ఆపదనైనా తనదిగా చెప్పుకునే ఆ నోరంటే నాకు ఒళ్లుమంట.

ఒకసారి గనిలో కప్పు కూలి మా పక్కింటాయన చనిపోయాడు. నెల తిరగకముందే ఆ కథా ఎత్తుకున్నాడు.

“నేను పక్కనే ఉన్న. పానం పోయేటప్పుడు పెండ్లాన్నే పిలిచిండు.”

ఆ మాట చెవిన పడి చనిపోయినాయన భార్య హోటలుకే వచ్చింది.

“నిజంగ నన్నే పిలిచిండా తమ్మీ?”

“నిన్నే అక్కా.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత అతని కాలర్ పట్టుకుంది.

“పిలుపు ఇనొచ్చేంత దగ్గరున్నవు గద! చెయ్యి వట్టి గుంజకపోతివా? నీ పానమే తీపాయెనా?”

ముఖం మీద ఉమ్మి వెళ్లిపోయింది. హోటలంతా పగలబడి నవ్వింది.

నేను మండిపడ్డాను. “లైట్లిచ్చేటోనివి! బాయిల లేనని చెప్పకపోతివేందిరా?”

అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

“చెప్తే ఆ పిలుపు గూడ అబద్ధమైతది గద కాకా.”

ఆ అబద్ధాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆమె ఎదురైన ప్రతిసారీ అతని ముఖాన ఉమ్మేది. అతను ఒక్కనాడూ పక్కకు తప్పుకోలేదు.