సారయ్య తుపాకి కోసం భూపాలపల్లి దాకా

"మక్క కంకి పాలు పోసుకున్నది. ఇగ పందులు ఆగయి. తుపాకి ఆఖరిసారి అడిగి చూద్దమనుకుంటున్న. నువ్వు పేపర్ల పనిజేసినోనివి, నీ మాట ఇంటరు. జర ఎంబడి రా" అని సారయ్య ఫోన్ చేశాడు. వానలు అప్పుడే తెరిపి ఇచ్చాయి. మరునాడు ఉదయం ఏడున్నరకు నేను జనగామ స్టేషన్లో ఉన్నాను.

సారయ్య నా చిన్ననాటి స్నేహితుడు. మా నాన్న భూపాలపల్లి దగ్గరి ఒక ఊళ్లో పంతులుగా ఉన్న రోజుల్లో మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, ఆదివారాలు ఒకే చెరువులో గాలాలు వేశాం. తర్వాత ఆ ఊరి భూములు బొగ్గు గనికి పోయాయి. సారయ్య తన భార్య పుట్టిన ఊరికి, మహబూబాబాద్ దగ్గరి గూడూరు వైపు వచ్చి, అడవి అంచున కొంత భూమి కొనుక్కున్నాడు. మనిషి మారాడు, చేను మారింది. తుపాకి లైసెన్సు మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోయింది.

అది దొంగ తుపాకి కాదు. పంట కాపాడుకోవడానికి ప్రభుత్వమే వాళ్ల నాన్నకు ఇచ్చి, తర్వాత సారయ్య పేరు మీదికి మార్చిన తుపాకి. గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపుది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకులు ఠాణాలో అప్పజెప్పాలి. సారయ్య వాళ్ల ఇంట్లో దానికో పద్ధతి ఉండేది. ఎన్నికల మాట చెవిన పడగానే, ఎవరూ అడగకముందే, తుపాకిని పాత ధోవతిలో చుట్టి భుజాన వేసుకుని వెళ్లి ఇచ్చేవారు. ఠాణాలో చాయ్ తాగి వచ్చేవారు. వేలి మీద సిరా చుక్క ఆరాక వెళ్లి తెచ్చుకునేవారు. ఊరు మారిన తర్వాత కూడా సారయ్య ఆ పద్ధతి తప్పలేదు. రెండు బస్సులు మారి వెళ్లి పాత ఠాణాలోనే ఇచ్చాడు. తిరిగి అడిగితే, "లైసెన్సు గడువు అయిపోయింది, నువ్వు ఇప్పుడు మా జిల్లా మనిషివి కావు, మహబూబాబాద్‌లో అడుగు" అన్నారు. మహబూబాబాద్‌లో, "ఈ తుపాకి మా లెక్కలో లేదు, అక్కడే అడుగు" అన్నారు. అప్పటినుంచి అతను ఈ రెండు ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఒకప్పుడు ఈ రెండూ ఒకే జిల్లా. గీత గీసింది ప్రభుత్వం, దాటలేక నిలబడింది సారయ్య.

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా మరిపెడ మిరప రైతు ఒకాయన, పట్నం దవాఖానలో తీసిన ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నడుము నొప్పట. ఏం పని మీద పోతున్నారని అడిగితే చెప్పాను. ఆయన నవ్వాడు.

"తుపాకి సంగతి ఇడిసిపెట్టుండ్రి సారు. నా తోటల కోతుల మంద దిగిందని చెప్పపోతే ఆఫీసోళ్లు నన్ను సూసి నవ్విండ్రు. కోతికి లైసెన్సున్నది, మనకే లేదు."

మహబూబాబాద్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్టేషన్ బయట ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ కారంగా ఉంది. ఈ దారిన వచ్చేవాళ్లు ఇక్కడే తినేయడం మంచిది, తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ దొరకదు. గూడూరు బస్సులో మగవాళ్లం నలుగురమే. ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక సీట్లన్నీ వాళ్లవే. కడ్డీ పట్టుకుని ఊగుతున్న నన్ను చూసి, ఒళ్లో కోడిపుంజుతో కూర్చున్న అవ్వ జాలిపడింది.

"టికెట్ మీకు, సీటు మాకు. ఇన్నేండ్లు మేం నిలవడ్డం బిడ్డా, జర మీరు నిలవడుండ్రి."

బస్సంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఆ ప్రయాణంలో నేను నవ్వింది తక్కువ.

గూడూరులో సారయ్య మోటారు సైకిల్‌తో నిలబడి ఉన్నాడు. గడ్డం నెరిసింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొద్ది రోజులుగా మంచె మీదే పడుకుంటున్నాడట. నేరుగా చేనుకే తీసుకెళ్లాడు. అడవి వైపున్న సాళ్లు నేల మీద పరుచుకుని ఉన్నాయి. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. సగం కొరికిన కంకుల మీద ఈగలు ముసురుతున్నాయి. తడి మట్టిలో గిట్టల గుర్తులు, వాటి పక్కనే చిన్నచిన్న గుర్తులు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాయన్నమాట.

"డబ్బా కొట్టిన, పటాకులు కాల్చిన, పాత చీరలు కట్టిన. మొదటి దినం ఉరికినయ్. రెండో దినం నిలవడి సూసినయ్. ఇప్పుడు నేను డబ్బా కొడ్తుంటే తింటున్నయ్. బువ్వకు గంట కొట్టినట్టున్నది" అన్నాడు సారయ్య.

పక్క చేనులో మాత్రం ఒక్క మొక్క కూడా పడలేదు. అది నర్సయ్య చేను. గట్టు మీద అడుగున్నర ఎత్తులో చిన్న పుల్లలు, వాటికి తీగ. పొద్దుగూకాక మోటారు కరెంటు ఆ తీగకు కలుపుతాడు. మేం చూస్తుండగానే నర్సయ్య వచ్చాడు. దాపరికం ఏమీ లేదు.

"నీ దోస్తుకు చెప్పు సారూ. తీగ ఒక్కటి తెచ్చుకుంటే సాలు, కరెంటు నా మోటరుకెల్లి ఇస్త. నిద్రన్న పోతడు."

ఇంట్లో సారయ్య భార్య స్వరూప జొన్నరొట్టె, ఎండుచేపల కూర పెట్టింది. వాగు ఇంత దగ్గర పెట్టుకుని ఎండుచేపలేమిటని అడిగాను.

"వాగుల ఏమున్నయే అన్నా. కరెంటు తీగలు నీళ్లల్ల ఏసి పట్టుకపోతున్నరు. పెద్దయి సంచిల ఏసుకుంటరు, చేప పిల్లలు తెల్లగ తేలి కొట్టుకపోతయ్." భర్త వైపు చూడకుండా అంది. "గా తీగనే చేను సుట్టు పెడ్తనంటున్నడు మీ దోస్తు. పక్కూర్ల నీళ్లు కట్టను పోయిన పాలేరు గట్లనే తాకి సచ్చిండు. తీగ పెట్టినోడు జైల్ల ఉన్నడు. రెండిండ్లల్ల పొయ్యి ఎలుగుతలేదు. జర మీరన్న చెప్పుండ్రి."

సారయ్య తల ఎత్తలేదు. "రేపు తుపాకిస్తే తీగెందుకు?" అన్నాడు.

సాయంత్రం మంచె మీద కాసేపు కూర్చున్నాం. మాటలు సారయ్య నాన్న మల్లయ్య మీదికి పోయాయి. మాకు గాలం కట్టడం నేర్పింది ఆయనే. ఎర్రను ముల్లుకు ఎలా గుచ్చాలో, బెండు మునిగాక ఎంతసేపు ఓపిక పట్టాలో చూపించాడు. కొర్రమట్ట చేప పిల్లలు పెట్టే కాలంలో నీటి మీద ఎర్రటి తుంపరలాగా వందల పిల్లలు ఒకే గుంపుగా కదులుతుంటాయి. కింద తల్లి కాపలా ఉంటుంది. అప్పుడు గాలం వేస్తే కోపంతో వచ్చి ఇట్టే పట్టుకుంటుంది. అంత తేలికైన వేట ఇంకొకటి లేదు. మల్లయ్య ఆ పని చేయనిచ్చేవాడు కాదు. "పిల్లలున్న కొర్రమట్టకు గాలమెయ్యద్దు. గది ఆకలికొచ్చి పట్టుకుంటలేదు" అనేవాడు. తుపాకి విషయంలోనూ ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. పందుల అలికిడి వినగానే ఆకాశంలోకి ఒకసారి పేల్చేవాడు. కంటికి కనపడని దాని మీదికి గొట్టం తిప్పేవాడు కాదు. ఆ ఒక్క చప్పుడుకు చుట్టుపక్కల చేలన్నీ నిద్రపోయేవి. తెల్లారి పక్క చేల వాళ్లు మందు ఖర్చుకని చారెడు జొన్నలో, పెసలో తెచ్చి ఇచ్చేవాళ్లు.

మరునాడు తెల్లవారుజామున బయల్దేరాం. గూడూరు నుంచి నర్సంపేట, అక్కడ మారి ములుగు, మళ్లీ మారి భూపాలపల్లి. బస్సులు దొరుకుతాయి కానీ ఒకదానికొకటి అందవు, ప్రతిచోటా చాయ్ తాగేంత ఆలస్యం ఉంటుంది. మేం వెళ్లిన ఠాణా భూపాలపల్లి దాటి లోపలికి ఉంది. పేరు రాయను. అక్కడి ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, నేను పత్రికలో పనిచేశానని తెలిసి చాయ్ కూడా తెప్పించాడు. కానిస్టేబుల్ లోపలి గది తాళం తీసి తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

చూడగానే సారయ్య లేచి నిలబడ్డాడు. గొట్టం తుప్పుతో బొబ్బలెక్కింది. కర్ర పిడిని చెదలు తినేశాయి, చెయ్యి వేస్తే పిండి రాలింది. ఏటేటా దసరాకు నూనె పెట్టి, బొట్టు పెట్టిన తుపాకి అది. భద్రంగా ఉంచుతామని తీసుకున్నవాళ్ల చేతుల్లో అలా అయింది.

"గడువు దాటింది పెద్దాయనా. ఇప్పుడు రెన్యువల్ కాదు. కొత్తది పెట్టుకోవాలంటే మీ జిల్లాలో పెట్టుకోవాలి. పంటల కోసం ఇప్పుడు ఎవరికీ ఇస్తలేరు, ఉన్న మాట చెప్తున్న. దీన్ని సరెండర్ చేస్తున్నట్టు సంతకం పెడితే మీకు తిరుగుడు తప్పుతది" అన్నాడు ఎస్సై.

"మరి పందులు సారూ?"

"ఊరోళ్లు తీర్మానం చేసి పంపాలి. అటవీశాఖ పర్మిషన్ ఇస్తే షూటర్ వస్తడు."

"షూటర్ వచ్చే దినం పందులకు ఫోన్ చేసి చెప్పాల్నా సారూ?"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. ఎస్సై కూడా చిన్నగా నవ్వి, "రూల్ గట్లున్నది, నేనేం చెయ్యాలె?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ రూల్ రాసినవాళ్లు ఒక్క రాత్రి మంచె మీద కూర్చుని ఉంటారా? వాళ్ల పేర్లు నాకు తెలియవు, మొహాలు తెలియవు. తుపాకులు ఎవరి చేతుల్లో పడితే వాళ్ల చేతుల్లో ఉండాలని నేను అనడం లేదు. ఎన్ని హత్య వార్తలు రాశానో నాకు తెలుసు. కానీ ఈ చట్టం పట్టుకున్నది ఎవరిని? అడగకముందే తెచ్చి ఇచ్చినవాణ్ణి. గడ్డివాములో నాటు తుపాకి దాచుకున్నవాడు ఏ ఎన్నికకూ తేలేదు, వాడి తుపాకికి తుప్పు పట్టలేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. తుపాకి వెనక ఒక మనిషి ఉంటాడు. వాడు చూస్తాడు, ఆగుతాడు, ఆకాశంలోకి పేలుస్తాడు. తీగ వెనక ఎవడూ ఉండడు. పందో, పశువో, నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషో దానికి తెలియదు. చూడగలిగిన దాన్ని గదిలో పెట్టి చెదలకు వేసి, చూడలేని దాన్ని చేను చేనుకూ పాకనిచ్చాం.

ఇదంతా ఎస్సైతోనే అన్నాను. "మీరన్నది నిజమే సార్, పైకి రాయండి" అన్నాడు. నలభై ఏళ్లు నేను చేసింది అదే.

సారయ్య సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక మా పాత చెరువు చూద్దామన్నాడు. ఆటోలో వెళ్లాం. చెరువు లేదు. గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్టలాగా నిలబడి ఉంది, దాని మీద తుమ్మలు మొలిచాయి.

మూడింటికి భూపాలపల్లి బస్టాండు చేరాం. బస్సుకు టైం ఉంది కదా అని నేను మొహం కడుక్కుని వచ్చేసరికి సారయ్య లేడు. కాసేపటికి రోడ్డుకు అవతలున్న ఇనుప సామాన్ల దుకాణం నుంచి గోనెసంచితో వచ్చాడు. సంచి మూతి దగ్గర తీగ చుట్ట మెరుస్తోంది.

"ఏందది?" అన్నాను.

"కనవడ్తలేదా?"

"దుకాణంల ఎందుకని అడగలేదా?"

"ఎంత కావాలె అని అడిగిండు."

ములుగు దాకా అతను కిటికీలోంచి బయటికే చూశాడు. వద్దని నేను చెప్పలేదు. నిద్రలేని ఆ కళ్లను చూస్తూ, చేతిలోంచి తుపాకి లాక్కున్న ప్రభుత్వం తరఫున నీతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. స్వరూప నన్ను అడిగిన మాట మాత్రం మరవలేదు. ములుగులో అతని నర్సంపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను హనుమకొండ మీదుగా జనగామ పోవాలి.

"ఇంటికాడ స్వరూప అడుగుతది, తీగ చూసి అన్న ఏమన్నడని. ఏం చెప్తవ్?" అన్నాను.

సారయ్య బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. కండక్టర్ ఈల వేశాడు. అతను కాలు కిందికి తీసి, గోనెసంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"నువ్వే పట్టుకపో. ఇంట్ల ఉంటే ఏదో ఒక దినం పెడ్త. పోయినకాడికి పోతది మక్క." మళ్లీ మెట్టెక్కి, వెనక్కి తిరిగి అన్నాడు. "ఈ యేటికి. వచ్చే యేడు సంగతి నాకు తెల్వది."

హనుమకొండలో జనగామ బస్సు ఎక్కేసరికి దీపాలు పెట్టారు. రెండు రోజుల్లో ఆరు జిల్లాలు చుట్టి, బుద్ధిగా చట్టం పాటించిన ఒక మనిషి ఎలా ఓడిపోతాడో చూసి వస్తున్నాను. అతని దగ్గర మిగిలినవి ఒక డబ్బా, ఒక మంచె. మనిషిని చంపగల వస్తువు నా కాళ్ల పక్కన ఉంది. దానికి సంతకం లేదు, గడువు లేదు, ఎన్నికలొస్తే ఎక్కడా అప్పజెప్పనక్కర్లేదు. రెండు బస్టాండుల్లో పోలీసుల పక్క నుంచే దాన్ని మోసుకొచ్చాను.

కండక్టర్ టికెట్ ఇస్తూ సంచి వైపు చూశాడు. "ఏంది సార్ గది?"

"తీగ."

"సీటు కిందికి నూకుండ్రి. దార్లె ఉంటే ఎవల కాలికన్న తాకుతది."