పాత బంకు ట్యాంకుల నీళ్లు పోసిన దినం

గద్వాల పాత బస్టాండు తొవ్వల మా సేటుది ఒక పెట్రోలు బంకు ఉండె. నేను దాంట్ల మేనేజరును. రెండు వేల సంవత్సరం దాటినంక, కిరాయి జాగ గడువు అయిపోయిందని సేటు రాయచూరు రోడ్డు మీద కొత్త బంకు కట్టిండు. పాతది మూసి, భూమిల పాతిన డీజిలు ట్యాంకు తీసి, జాగ ఖాళీ చేసి ఇయ్యాలె. గా పని నా నెత్తిన పడ్డది.

బంకు తెరుసుడు కంటే మూసుడే కష్టమని అప్పుడు తెలిసింది. డీజిలంతా తోడినా ట్యాంకుల గ్యాసు ఉంటది. జర నిప్పురవ్వ పడితే మనిషి ఆనవాలు దొరకదు. అందుకని ముందు అమ్మకం బంద్ చేయాలె, అడుగుదాకా తోడాలె, గ్యాసు పోయేతట్టు నిండ నీళ్లు పోయాలె, ఆ తర్వాతనే మన్ను తవ్వి క్రేనుతోని లేపాలె. గియ్యన్నీ హైదరాబాదు నుంచి వచ్చిన ఆయిలు కంపెనీ ఆఫీసరు చెప్పిండు. ఏ దినం ఏ పనో తెల్లకాగితం మీద వరుసగ రాసి సేటు టేబులు అద్దం కింద పెట్టిన. ఆఫీసరు చదివి, "బాగ రాసినవయ్యా" అన్నడు. ఇగ రెండు దినాలు నా కాళ్లు భూమ్మీద లెవ్వు.

నీళ్ల ట్యాంకరును సంత దినం పిలిచిన. ట్యాంకరు ఆయన ఆ దినం ఎట్లా గద్వాలకే వస్తుండె. సంతకు ఇంకెవలెవలు వస్తరో నా తెలివికి తట్టలేదు.

పొద్దున పదకొండు గంటలకు పైపు మా డీజిలు ట్యాంకు మూతిల పెట్టి నీళ్లు ఇడిసినమో లేదో, రోడ్డు మీద ఒక ట్రాక్టరు ఆగింది. దిగింది విత్తనాల కంపెనీలకు సీడు పత్తి పండించే ఒక పెద్దమనిషి. కృష్ణ ఒడ్డున ఇంజను పెట్టి చేనుకు నీళ్లు తోడుకుంటడు, ఏండ్ల సంది మా దగ్గర్నే డీజిలు కొంటడు. పోయినేడు ఆయన ఇంజను చెడిపోయి సగం చేను ఎండింది.

పైపును చూసిండు, నన్ను చూసిండు. "గిదా సంగతి. డీజిలుల నీళ్లు కలుపుతున్నరా? నా ఇంజను అందుకేనా పోయింది, సారూ?" అన్నడు.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. "బంకు బంద్ అయింది, పంపులకు తాళ్లు కట్టినం, కండ్లు కనిపిస్తలేవా?" అన్న. గంతే, ఆయన గొంతు లేసింది. సంతకు పోయేటోళ్లంత మూగిండ్రు. ఒకాయన లారీ ఆగిన సంగతి తీస్తడు, ఇంకొకాయన మోటారు సైకిలు మొరాయించిన సంగతి తీస్తడు. పొద్దుమీకే వరకు గీ ముచ్చట అలంపూరు దాకా పోతది. వారం దినాలల్ల కొత్త బంకు తెరుస్తున్నం, సేటు ఉన్నదంతా దాని మీద పెట్టిండు. నీళ్ల డీజిలోళ్లని పేరు పడితే ఒక్కడు రాడు.

సేటు లోపట్నుంచి వచ్చి నన్ను తిట్టలేదు. "వీళ్లకు ముందుగాల చెప్పాలని కాగితంల రాసినవా?" అని మాత్రం అడిగిండు. రాయలేదన్న.

అప్పుడు ట్యాంకుల డీజిలు ఎంతుందో కొలిచే డిప్ రాడ్డు తెచ్చిన. దాని చివరకు ఒక పేస్టు రాసి ట్యాంకుల ముంచుతం. అడుగున నీళ్లుంటే పేస్టు ఎర్రగయితది. రోజు పొద్దుగాల చేసే పనే, కాని గిరాకి రాకముందే చేస్తుంటిమి, ఎవలకూ చూపించలేదు. "పెద్దనాయనా, నువ్వే ముంచు" అని రాడ్డు ఆయన చేతికిచ్చిన. ట్యాంకు అడుగు నుంచి తోడి పక్కకు పెట్టిన డీజిలు డ్రమ్ముల ముంచిండు, రంగు మారలేదు. నీళ్లు పోస్తున్న ట్యాంకుల ముంచిండు, కుంకుమ లెక్క ఎర్రగయింది.

"గీ డ్రమ్ము ఏడికెల్లి తెచ్చినవో నాకేం ఎరుక?" అన్నడు. "కొత్త బంకుల మొదాలు నేనే ముంచుత. ఎర్రగయితే సంతల నిలబడి చెప్త."

"కాకపోతే?"

"గది గూడ సంతలనే చెప్త."

ఆ వారం నాకు అన్నం సయించలేదు. ట్యాంకు లేపే దినం గూడ ఆయన వచ్చిండు. అది పైకి రాంగనే, నీళ్లు లోపటికి దిగేతట్టు ఎక్కడన్న చిల్లు పడ్డదా అని చుట్టు తిరిగి తడిమి చూసిండు. ఒక్క చిల్లు దొరకలేదు. పాపం, జర నిరాశ పడ్డట్టే అనిపించింది.

కొత్త బంకు తెరిచిన పొద్దు కొబ్బరికాయ కొట్టినం, పూజ అయింది. రైతులు డబ్బాలు పట్టుకొని వచ్చిండ్రు గని, ఒక్కడు ముందుకు రాడు. అందరు రోడ్డు దిక్కు చూస్తుండ్రు. ఆయన తీరుబాటుగ వచ్చి, రాడ్డుకు తనే పేస్టు రాసి ముంచిండు. తీసి, రంగు మారని రాడ్డును పది మందికి చూపించిండు. తర్వాత ట్రాక్టరు మీదికెల్లి తన డబ్బా తెచ్చి నా ముంగట పెట్టిండు.

"నింపు సారూ, మొదటిది నాదే."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సేటు చూసి నవ్విండు, నవ్వనీ.

ఆ పొద్దు సందినే పొద్దుగాల పేస్టు రాసుడు గేటు తెరిచినంకనే పెట్టుకున్నం, ఎవరు ముందొస్తే వాళ్ల చేతనే ముంచిస్తుంటిమి. పాత కాగితం అద్దం కిందనే ఉన్నది. మొదటి వరుస మీద జాగ లేకపోతే, అంచుకు ఇరికించి రాసిన: ముందుగాల పెద్దనాయనకు చెప్పాలె.