గుండుసూది పీకిన పేజీ

పెన్షన్ల ఆఫీసు రికార్డు గదిలో ముప్పై ఏళ్లుగా పాతుకుపోయిన గుమాస్తాను అందరూ చాదస్తం బాబాయ్ అనేవారు. పేరుకు తగ్గ మనిషే. బయటివాళ్ల కంట పడకూడని కాగితమేదైనా ఫైల్లో ఉంటే దాన్ని లోపలికి మడిచి గుండుసూది గుచ్చేవాడు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని పద్ధతి. కానీ మడత కనిపిస్తే నోరు మెదపకూడదని ఆ గదిలో అందరికీ తెలుసు.

అలా మడిచినవాటిలో ఒక రిటైర్డు నర్సు చిరునామా ఉంది. మొగుడి దెబ్బలకు ఒక చెవి వినికిడి పోయాక ఊరు మారి, గుట్టుగా బతుకుతున్న మనిషి. ఆ మొగుడు మూడు నెలలకోసారి ఇస్త్రీ చొక్కాతో కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

"ఏం గురువుగారూ, మా ఆవిడ ఫైలు ఇవాళైనా దొరికిందా?"

"ఎలకలు కొట్టేశాయి బాబూ."

"పోయినసారి చెదలన్నారుగా?"

"చెదలు వదిలేసింది ఎలకలు కొట్టాయి."

వాడు నవ్వుతూనే వెళ్లిపోయేవాడు.

ఈ ఏడాది ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. పారదర్శకత అన్నారు. ఆ మాట వినబడితే ఎవరి గుట్టు రట్టవుతోందో వెతకడం మంచిది. స్కానింగు కాంట్రాక్టువాళ్లు సూదులు పీకి, మడతలు విప్పి, చదును చేసి మరీ ఎక్కించారు. ఎంతో శ్రద్ధగా.

ఆర్నెల్లకు బాబాయ్‌కి ఒక సంగతి తట్టింది. ఆ మొగుడు రావడం మానేశాడు.

నర్సు పెన్షన్ నంబరు, పుట్టినతేదీ కొట్టి చూశాడు. ఏ మొగుడికైనా తెలిసే ముక్కలే రెండూ. ఇంటి నంబరుతో సహా చిరునామా తెరమీదికొచ్చింది. ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాడు.

"చిరునామా తీసేయాలంటే ఆవిడే లాగిన్ అయి అర్జీ పెట్టాలి బాబాయ్. పదిహేను పనిదినాలు."

"ఈలోగా వాడు వెళ్తే?"

"మీ చాదస్తం మీరూను!"

బాబాయ్ నర్సుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ ఇంటి దగ్గర ఎవరైనా..."

"ఎదురింటి మెట్లమీద కూర్చున్నాడు అన్నయ్యా. నిన్నటినుంచీ. తలుపు కొట్టడు, పలకరించడు. నేను కర్టెన్ జరిపితే చెయ్యి ఊపుతాడు."

"పోలీసులకి చెప్పావా?"

"వచ్చారు. మెట్లమీద కూర్చోవడం నేరం కాదన్నారు. సంచి సర్దేశాను, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతాను."

"వెళ్లమ్మా, వెంటనే వెళ్లు. చేరాక కొత్త చిరునామా నాకొక్కడికే చెప్పు."

"మీకూ చెప్పను."

"అది లేకపోతే పెన్షన్ ఆగిపోతుందమ్మా."

"ఆగిపోనీ అన్నయ్యా," అంది ఆమె. ఆ గొంతులో కోపం కూడా లేదు.